మెకానమ్ చక్రాలు: రెండు సీజన్లు నడిపించాక

ఒంగోలులో మా స్కూల్ పిల్లలు ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే రోబో పోటీ కోసం కట్టే రోబోకు మెకానమ్ చక్రాలు బిగించి రెండు సీజన్లు దాటింది. కొనాలా వద్దా అంటే నా మాట ఒకటే: కొనండి, మొదటి ఏడాది మాత్రం వద్దు.

ఈ చక్రం చుట్టూ 45 డిగ్రీల వాలులో చిన్న రోలర్లుంటాయి. ఒక్కో చక్రానికీ ఒక్కో మోటారు. ఏది ముందుకి, ఏది వెనక్కి తిరగాలో సరిగ్గా రాసుకుంటే రోబో మొహం తిప్పకుండానే పక్కకు జరుగుతుంది. ఆటలో మొదటి 30 సెకన్లు రోబో సొంతంగా నడవాలి, తర్వాతి 2 నిమిషాలు పిల్లలు నడుపుతారు. పాయింట్ల కోసం వస్తువులు వేసే బుట్ట దగ్గర రెండంగుళాలు అటో ఇటో అయితే మామూలు చక్రాల బండి వెనక్కొచ్చి, తిరిగి, మళ్లీ వెళ్లాలి. మాది అలా పక్కకు జరిగి వేసేస్తుంది. చివరి అర నిమిషం టెన్షన్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది.

తోపులాటకు మాత్రం పనికిరావు. పట్టున్న రబ్బరు చక్రాల రోబో పక్కనుంచి నెట్టిందంటే మనది జారిపోవడమే. అందుకే ఎదుటివాళ్లకు అడ్డుపడే పని మాతో కలిసి ఆడే భాగస్వామి జట్టుకు వదిలేసి, మావాళ్లు పాయింట్లు చూసుకుంటారు. రోబో చేయి బరువుకు ముందుభాగం దిగినా, పక్కకు జరిగేటప్పుడు మూతి తిరుగుతుంది. బ్యాటరీని వెనక్కి జరిపాక చాలావరకు దారికొచ్చింది, మిగిలింది రోబో ఎంత తిరిగిందో చెప్పే జైరో సెన్సర్ సాయంతో సరిచేస్తున్నాం.

అసలు తలనొప్పి మన నేలతోనే. ల్యాబ్‌లో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరిచారు, చూడ్డానికి బ్రహ్మాండం! దానిమీద రోలర్లు జారతాయి. మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడరేమో అడుగు దూరం వెళ్లానంటుంది, రోబో అంతదూరం పోయుండదు. రాతిలో మెరిసే చుక్కలకు కలర్ సెన్సర్ కూడా తికమకపడుతుంది. పోటీ జరిగేది ఫోమ్ పలకల మీద. ట్రంకు రోడ్డులో చిన్నపిల్లల ఫోమ్ మ్యాట్లు కొనుక్కొచ్చి పరిచాకే ప్రాక్టీసు ప్రాక్టీసులా ఉంది.

రోలర్ల ఇరుసుల్లో వెంట్రుకలు, దారప్పోగులు చుట్టుకుంటాయి. ఒక్క రోలర్ బిగుసుకున్నా బండి వంకరగా పోతుంది. పట్టకారుతో లాగేయడమే మందు. నూనె వేయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

కొనేటప్పుడు ఎడమవి రెండు, కుడివి రెండు వచ్చాయో లేదో చూసుకోండి. బిగించాక పైనుంచి చూస్తే నాలుగింటి రోలర్లూ కలిసి ఎక్స్ ఆకారంలో కనిపించాలి.