నాలుగేళ్ల వెల్డింగ్ మెషీన్: నా కోపమంతా దాని ఫ్యాను మీదే

స్విచ్ వేయగానే బుయ్యిమని మొదలవుతుంది. రాడ్డు అంటించినా, అంటించకపోయినా, మనం టీ తాగడానికి వెళ్లినా అది తిరుగుతూనే ఉంటుంది. నా ఇన్వర్టర్ (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలిక రకం) వెల్డింగ్ మెషీన్ ఫ్యాను సంగతి ఇది. మెషీన్ మంచిదే. దాని మంచిని ఊరంతా చెప్పి నలుగురిచేత కొనిపించింది కూడా నేనే. కానీ నాలుగేళ్లు వాడాక, ఎలా ఉందని ఎవరైనా అడిగితే ముందు నోట్లోంచి వచ్చేది ఆ ఫ్యాను మాటే.

కంపెనీ పేరు రాయను. ఈ సైజు మెషీన్లలో డబ్బా రంగు తప్ప లోపల పెద్ద తేడా ఉండదని రిపేరు చేసినాయన అన్నాడు. ఎన్ని ఆంప్స్, ఏ టెక్నాలజీ అన్నది డబ్బా మీద రాసే ఉంటుంది, చదువుకోండి.

మాది జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే దారిలో ఒక ఊరు. ఇల్లు మేమే కట్టుకున్నాం. మా నాయన వయసులో ఉన్నప్పుడు మేస్త్రీల గుంపుతో బొంబాయి, పుణె తిరిగి పని నేర్చుకున్నాడు. పాలమూరు కూలీలు కట్టని డ్యాం లేదంటారు గానీ, ఆయనకు సొంత గోడ కట్టుకునే యోగం అరవై దాటాకే వచ్చింది. గోడలు, ప్లాస్టరింగ్ ఆయన చేతివే. స్లాబుకు మాత్రం సెంట్రింగ్ వాళ్లను పిలిచాం. గృహప్రవేశం అయింది. అప్పు మిగిలింది. బయటి పనులన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి: బర్రెల కొట్టం, బయటి బాత్‌రూం తలుపు, కట్టెల పొయ్యి మీదికి రేకుల పందిరి, కోళ్ల గూడు, వెనక గేటు. వెల్డర్ జడ్చర్ల నుంచి రావాలి. "రేపొస్త సార్" అని మూడు వారాలు తిప్పాడు. అతణ్ని అనలేం. రెండు కీళ్లు అతికించడానికి అంత దూరం వస్తే ఏం మిగులుతుంది? పైగా అతని పాత మెషీన్ ఇద్దరు పట్టి లేపితే గానీ ఆటో ఎక్కదు.

అలా 2021 సంక్రాంతి వెళ్లాక 7,200 రూపాయలు పెట్టి దీన్ని కొన్నాను. భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కొచ్చు. ఇంట్లో ఉన్న 16 ఆంప్స్ ప్లగ్గు చాలు. మొదటి ఆదివారం కోళ్ల గూడు, రెండో ఆదివారం బాత్‌రూం తలుపు ఫ్రేము. ఇంకేముంది, నేనే వెల్డర్‌ననుకున్నాను.

మొదట వచ్చిన చిక్కు ఫ్యానుది కాదు, కరెంటుది. కనీసం నేను అలా అనుకున్నాను. సాయంత్రం పూట రాడ్డు అంటిస్తే అతుక్కుపోయేది, లాగితే ఆరిపోయేది. ఊళ్లో లో వోల్టేజీ అని తిట్టుకుంటూ రెండు నెలలు గడిపాను. ఒకసారి మా కాలేజీలో ఎలక్ట్రికల్ చెప్పే సారు మల్టీమీటర్ తెచ్చి చూశాడు. రాడ్డు కాలుతుండగా ఇంటి స్విచ్ బోర్డు దగ్గర 192 వోల్టులు, నా ఎక్స్‌టెన్షన్ వైరు చివర 165. ఊరి కరెంటు సగం దోషి, మిగతా సగం నేను. ఇంట్లో నుంచి కొట్టం దాకా 40 మీటర్లు ఒక చదరపు మిల్లీమీటరు వైరు లాగాను. దాన్ని తీసేసి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే అదే సాయంత్రం, రాడ్డుకిచ్చే కరెంటు అదే 90 ఆంప్స్ మీద, వైరులో పడేది ఆరేడు వోల్టులే. వైరు ఖరీదు మెషీన్ ధరలో సగం దాటింది. కొనేముందు ఈ మాట నాకెవరూ చెప్పలేదు, అందుకే చెబుతున్నా. ఇంకోటి, వైరు చుట్ట మొత్తం విప్పి పరచండి. చుట్టగానే ఉంచి వాడితే లోపలి వరస వేడెక్కి మెత్తబడుతుంది.

బోరు దగ్గరి స్టార్టరు డబ్బా నుంచి తీసుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటలు ఉచితంగా ఇస్తున్న కరెంటు అది. వ్యవసాయానికే. లైన్‌మన్ చూస్తే ఏమంటాడన్నది పక్కన పెట్టినా నాకే మనసొప్పలేదు.

ఇక ఫ్యాను. మెషీన్ చల్లబడాలంటే గాలి కావాలి, నిజమే. కానీ ఈ చిన్న మెషీన్లలో ఆ గాలికి అడ్డంగా వడపోత ఏదీ ఉండదు. చీలికల్లోంచి ఏది వస్తే అది నేరుగా లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మీదికి పోతుంది. పట్నంలో సిమెంటు గచ్చున్న షాపులో అయితే ఫర్వాలేదేమో. మా కొట్టంలో గడ్డి పొట్టు, పేడ దుమ్ము, ఎర్రమట్టి. అన్నిటికంటే చెడ్డది ఇనుము కోసే గ్రైండర్ చిమ్మే పొడి. దానికి కరెంటు పారుతుంది కాబట్టి, తేమ కూడా తోడైతే బోర్డు మీద ఎక్కడైనా షార్టు కావచ్చు. నేను రెండేళ్లు గ్రైండర్‌ను, మెషీన్‌ను పక్కపక్కనే పెట్టి వాడాను. అది తట్టుకుంది. దాన్ని పడగొట్టింది వేరే.

2023 వానాకాలం. పత్తి విత్తనం, కలుపు, ఆఫీసు పనుల మధ్య మూడు నెలలు మెషీన్ ముట్టుకోలేదు. కొట్టం అటక మీద, పైన గోనెసంచి కప్పి ఉంచాను. సెప్టెంబరులో ఒక ఆదివారం వెనక గేటు పని మొదలుపెట్టాను. స్విచ్ వేశాను, దీపం వెలిగింది. బుయ్యిమనే చప్పుడు లేదు. నిజం చెప్పాలంటే అది గమనించనే లేదు. పక్కింట్లో పిండిమిల్లు తిరుగుతోంది. మూడు రాడ్లు కాలాక పసుపు దీపం వచ్చింది. వేడెక్కిందని స్విచ్ ఆపి, పది నిమిషాలాగి మళ్లీ వేశాను. రెండు రాడ్లకే మళ్లీ పసుపు. మళ్లీ ఆపాను. మూడోసారి 'టప్' మని చప్పుడు, వెనక చీలికల్లోంచి కాలిన ప్లాస్టిక్ వాసన. "నువ్వు ఆపమన్నా ఆపవు, అదే ఆగింది" అంది మా ఆవిడ.

షాపతను వారంటీ ఏడాదేనని రసీదు చూపించాడు. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే బోర్డు మొత్తం మార్చాలి, 4,800 అన్నారు. చూడకుండానే. చివరికి సంచిలో వేసుకుని జడ్చర్లలో బస్సెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. అక్కడ ఒక సందులో మెట్ల కింద కూర్చుని ఇవే రిపేరు చేసే ఆయన దొరికాడు. మూత విప్పి నా వైపు చూసి నవ్వాడు. "అన్నా, ఇల్లు కట్టింది నువ్వొక్కడివే కాదు" అన్నాడు.

ఫ్యాను రెక్కల మధ్య మట్టి గూడు. సన్న నడుము కందిరీగ కిటికీ మూలల్లో కడుతుందే, అదే. గోనెసంచి పైనుంచి కప్పాను గాని వెనక చీలికలు తెరుచుకునే ఉన్నాయి. గూడు పగలగొడితే లోపల గదుల్లో చచ్చీ చావని సాలీళ్లు, పిల్లలకు తిండిగా దాచినవి. మా నాయన కట్టిన గోడ మీద పగుళ్లున్నాయి గానీ ఆ గూడు మీద ఒక్కటి లేదు. ఫ్యాను కదలలేదు, వేడి బయటకు పోలేదు, లోపలి పవర్ ట్రాన్సిస్టర్లు మాడిపోయాయి. అవి మార్చి, కొత్త ఫ్యాను వేసి 2,300 తీసుకున్నాడు. ఆ డబ్బుకు ఒక పాఠం కూడా ఇచ్చాడు: పసుపు దీపం వస్తే స్విచ్ ఆపకూడదట. ఆపితే ఫ్యాను కూడా ఆగిపోయి వేడి లోపలే ఉండిపోతుంది. రాడ్డు పక్కన పెట్టి, మెషీన్‌ను అలాగే తిరగనివ్వాలి. నా విషయంలో ఫ్యానే తిరగలేదు కాబట్టి అదీ కాపాడేది కాదు. కానీ మొదటి రెండేళ్లు ఎండాకాలంలో ప్రతిసారీ నేను స్విచ్ ఆపేవాణ్ని. ఈ మెషీన్ల లెక్కలన్నీ మామూలుగా 40 డిగ్రీలకు రాస్తారు. మా దగ్గర మే నెలలో నీడలోనే అంతకు మించుతుంది.

ఇంటికొచ్చి అతి తెలివికి పోయాను. మా ఆవిడ పాత చున్నీ ముక్క కోసి వెనక చీలికలకు కట్టాను, దుమ్ము ఆగుతుందని. దుమ్ము ఆగింది, గాలీ ఆగింది. నాలుగు రాడ్లకే పసుపు దీపం. ఆ చున్నీ పాతదేమీ కాదని తర్వాత తెలిసింది, అది వేరే గొడవ.

ఇప్పుడు చేసేది ఇది. మెషీన్‌ను నేల మీద పెట్టను, స్టూలు మీద పెడతాను. గ్రైండర్ కనీసం పది అడుగుల దూరంలో, గాలి వాలుకు కిందివైపు. రెండు నెలలకోసారి పంక్చర్ షాపుకు తీసుకెళ్లి గాలి కొట్టిస్తాను. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో పట్టుకోవాలి, లేకపోతే గాలి వేగానికి అది గిర్రున తిరిగి బేరింగు పోతుంది. మూత మాత్రం విప్పను. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది. స్విచ్ వేయగానే అరచెయ్యి వెనక పెట్టి చూస్తాను. గాలి తగిలితేనే రాడ్డు ముడతాను. వడపోతకు, ఫ్యాను తిరగకపోతే మెషీన్ ఆగిపోయే ఏర్పాటుకు ఎంతవుతుంది? వంద, నూటయాభై? అవి పెట్టకుండా డబ్బా మీద పులి బొమ్మ వేసి అమ్ముతారు.

ఇక నా పాత పొగడ్తల సంగతి. రెండు ఆదివారాల్లో ఎవరైనా నేర్చుకోవచ్చని అందరికీ చెప్పాను. అతికించడం నేర్చుకోవచ్చు. అది నిలుస్తుందా అన్నది వేరే సంగతి. 2024 మే చివర నాగర్‌కర్నూల్ వైపు ప్రాణాలు తీసిన గాలివాన వచ్చిందే, దాని తర్వాత భయమేసి కొట్టం కీళ్లన్నీ ఒక్కొక్కటే చూశాను. రేకులు లేవలేదు. కానీ మొదటి నెలలో వేసిన కీళ్లలో మూడింటి వెనక సన్నగా తుప్పు గీత. పైకి పూసలా అందంగా కనిపించింది, లోపల ఇనుము కలవలేదు. గ్రైండర్‌తో కోసి మళ్లీ వేసి, మూలల్లో త్రికోణం ప్లేట్లు అతికించాను. 18 గేజి పైపు అయితే (గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచన) నా చేతికి ఇప్పటికీ చిల్లులే. తలుపులకు 16 గేజి, కొట్టం స్తంభాలకు 14 గేజి కంటే పలచనిది తీసుకోను. వెయ్యి లీటర్ల ట్యాంకు స్టాండు మాత్రం నేను ముట్టుకోలేదు. నీళ్లు నిండితే టన్ను బరువు, కింద పిల్లలు ఆడుకుంటారు. అది ఆ జడ్చర్ల వెల్డరే వచ్చి వేశాడు, నాలుగు వారాలకు.

జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు గురించి ఒక మాట. కోళ్ల గూడుకు మిగిలిన నీళ్ల పైపు ముక్కలు వాడాను. పచ్చటి వెలుగు, తెల్లటి పొగ. ఆ రాత్రి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో ఇనుము రుచి. మలేరియా అనుకున్నాం. మర్నాటి సాయంత్రానికి దానంతటదే పోయింది. పైపు మీది జింకు పూత కాలిన పొగతో వచ్చే జ్వరం అది. పాలు తాగితే పోతుందన్నారు, తాగాను, పాలు బాగున్నాయి. ఇప్పుడు పూత గీకేసి, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి వేస్తాను. కళ్ల సంగతి కూడా అంతే. డబ్బాలో ఇచ్చిన, చేత్తో పట్టుకునే నల్లద్దం పనికిరాదు, ఒక చెయ్యి దానికే పోతుంది. నల్లద్దం లేకుండా 'ఒక్క చుక్కే కదా' అని పెట్టిన రోజు రాత్రి పదకొండింటికి కళ్లలో ఇసుక పోసినట్టయింది. పక్కింటి అవ్వ తల్లిపాలు పోయమంది. ఆస్పత్రి చుక్కలతోనే తగ్గింది. వెలుగు రాగానే దానంతటదే నల్లబడే హెల్మెట్ కొన్నాను, ఆ ఖర్చూ మెషీన్ ఖర్చులోనే కలుపుకోండి. కొట్టంలో చేసేటప్పుడు బర్రెల్ని విప్పి దూరంగా కట్టేయండి, ఇనుప గుంజకు కట్టి ఉండగా మాత్రం వద్దు. గడ్డివాముంటే రెండు బిందెల నీళ్లు పక్కన పెట్టుకోండి.

కొనమంటానా? నాకు ఆదివారాలు ఖాళీ, ఊళ్లో వెల్డర్ లేడు, పనులు చిన్నవి, గోడ మీద చెయ్యేసి ఇలా కాదురా అని చెప్పే నాయన ఉన్నాడు. ఈ నాలుగూ ఉన్నవాళ్లకు డబ్బు రెండేళ్లలో గిట్టుతుంది. రిపేరు, వైరు, హెల్మెట్ కలుపుకున్నా నాకు గిట్టింది. ఒక్క గేటు కోసమైతే వద్దు, వెల్డర్ కోసం ఆ నాలుగు వారాలు ఆగండి. నా మాట విని కొన్న నలుగురిలో ఇద్దరివి మూల పడ్డాయి. వాళ్ల మెషీన్ల వెనక చీలికల్లో ఏముందో చూడమని చెప్పాను, ఇంకా చూడలేదు.

నాది ఇప్పుడు మూత బిగుతుగా పట్టే స్టీలు బియ్యం డ్రమ్ములో ఉంటోంది. కందిరీగ కాదు కదా, చీమ కూడా దూరలేదు. బియ్యం ఎక్కడ పోయాలో మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు.