పెంకు కప్పు కాలేజీకి చిల్లర్ ఏసీనా, వీఆర్‌ఎఫ్‌ ఏసీనా?

గుంటూరులో మంగుళూరు పెంకులు, వరండాలతో పాతకాలం తీరులో కాలేజీ కడితే, ఏసీకి రెండు దారులున్నాయి: ఒకచోట నీటిని చల్లబరిచి భవనమంతా వాడే చిల్లర్, ఒక అవుట్‌డోర్ యూనిట్‌తో చాలా గదుల ఏసీలు నడిపే వీఆర్‌ఎఫ్‌.

చిల్లర్ పద్ధతిలో సాధారణంగా గాలికి పెద్ద డక్టులు కావాలి. వాటిని దాచడానికి ఫాల్స్ సీలింగ్ వేస్తే టేకు దూలాలు కనపడవు. ఇక ఆ పెంకులెందుకు? వీఆర్‌ఎఫ్‌కి సన్నటి రాగి గొట్టాలు చాలు, గోడ మూలన పోతాయి. ఖాళీ గదిలో ఆపేయొచ్చు కూడా. సెలవుల్లో ఆఫీసు ఒక్కటే నడిచే కాలేజీకి ఇది కలిసొస్తుంది. అవుట్‌డోర్ యూనిట్లు మాత్రం వెనకవైపే పెట్టాలి.

చాలా భవనాలు రోజంతా నిండుగా ఉండే పెద్ద క్యాంపస్ అయితే చిల్లర్ పద్ధతే నయం.

ఏది పెట్టినా పెంకుల కింద ఇన్సులేషన్ తప్పదు. రోహిణి కార్తె ఎండకి అది లేకపోతే బిల్లు చూసి టెన్షనే. 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు 30 వాట్ల దగ్గర తిరిగే బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారున్న) ఫ్యాన్లు పెట్టండి.