కిక్ రాడ్ కోసమే పాత బండిని ఉంచుకున్నాను

రెండు బండ్లు ఎందుకు, ఒకటి తీసేయమని ఇంట్లో రెండేళ్లుగా అంటున్నారు. నిజానికి ఆ మాట ముందు నేనే అన్నాను. ఒకటి 2011 జూన్‌లో కొన్న స్ప్లెండర్. ట్యాంకు మీద ఇంకా హీరో హోండా అనే ఉంటుంది, నంబరు ఏపీ 29. రెండోది మూడేళ్ల కిందట తీసుకున్న 350 సీసీ బండి. దాని కంపెనీ పేరు అనవసరం. నేను చెప్పబోయేది కిక్ లేకుండా సెల్ఫ్ మాత్రమే ఉన్న ఏ బండికైనా వర్తిస్తుంది.

350 కొన్న కొత్తలో అడిగిన వాళ్లందరికీ ఇక ఇదొక్కటి చాలని చెప్పాను. నాగార్జున సాగర్ దాకా వెళ్లొచ్చినా నడుము పట్టలేదు. వెనక కూర్చున్న మా ఆవిడ దారిలో ఒక్కసారి కూడా ఆపమనలేదు. అదేమీ అబద్ధం కాదు. కాకపోతే బండి రోజూ రోడ్డెక్కాలి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీ వెళ్తాను. వారమంతా బండి సెల్లార్‌లోనే. వరసగా రెండు ఆదివారాలు ఏదో పని పడిందంటే దాదాపు మూడు వారాలు కదలదు.

పోయిన మేలో అమ్మాయికి ఈఏపీసెట్. ఇబ్రహీంపట్నం వైపు సెంటర్ పడింది, పరీక్ష పొద్దున 9కి. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. ఏడున్నరకు హెల్మెట్లు పెట్టుకుని సెల్లార్‌లోకి దిగాం. సెల్ఫ్ నొక్కితే టిక్ అంది. మళ్లీ నొక్కితే మీటర్‌లో లైటు మసకబారి ఆరిపోయింది. రెండో గేరులో వేసి, సెల్లార్‌లో ఆ మూల నుంచి ఈ మూలకు ఇద్దరం తోశాం. 195 కిలోల బండి. ఇంజిన్ ఒకసారి మూలిగి ఊరుకుంది. తర్వాత మెకానిక్ చెప్పాడు, ఇంజెక్షన్ బండిలో ఇంజిన్‌కు పెట్రోల్ అందించే చిన్న పంపు ఉంటుంది, అది తిరగాలన్నా బ్యాటరీయే దిక్కట. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఎంత తోసినా లాభం లేదు. క్యాబ్ బుక్ చేస్తే ఒకడు క్యాన్సిల్ చేశాడు, తర్వాత ఎవరూ దొరకలేదు. అమ్మాయి ఏమీ అనకుండా హాల్ టికెట్ ఉన్న ఫైలును గుండెలకు హత్తుకుని నిలబడింది.

పక్కనే పాత దుప్పటి కప్పి స్ప్లెండర్ ఉంది. ఆ ఆదివారమే మా బామ్మర్ది వచ్చి తీసుకెళ్లాలి. ఎలాగూ ఇచ్చేస్తున్నాం కదా అని, సంక్రాంతికి పోయిన బ్యాటరీని మార్చనే లేదు. పెట్రోల్ ట్యాప్ తిప్పి, చోక్ వేసి కిక్ కొట్టాను. రెండో కిక్‌కు కాలు జారింది, రాడ్ మీది రబ్బరు సగం అరిగిపోయి ఉంది. నాలుగో కిక్‌కు అందుకుంది. ఇంజిన్ తిరిగితే పుట్టే కరెంటే దాని స్పార్క్ ప్లగ్గుకు చాలు, బ్యాటరీతో పని లేదు. ఆ సెల్లార్‌లో ఆ చప్పుడు వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

హార్న్ మోగలేదు, ఇండికేటర్లు వెలగలేదు. సాగర్ రోడ్డులో మలుపు వచ్చిన ప్రతిసారీ అమ్మాయే వెనక నుంచి చెయ్యి చాపింది. గేటు వేయడానికి పన్నెండు నిమిషాలు ఉండగా చేరాం. అలా వెళ్లడం మంచిది కాదని తెలుసు, ఇంకెవరినీ అలా వెళ్లమని చెప్పను.

బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పాను. "సరేలే బావా, ఉంచుకో" అన్నాడు గానీ కాస్త నొచ్చుకున్నాడు.

ఇంత చెప్పాక కూడా పాతదాన్ని మరీ మెచ్చుకోలేను. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే, వానలో ఆగడానికి దూరం పడుతుంది. అందుకే వాన పడిందంటే బయటకు తీయను. చోక్ వేయాల్సిన పొద్దుల్లో కిక్ కొట్టడం మా ఆవిడ వల్ల కాదు, అంటే నేను ఊళ్లో లేకపోతే ఇంట్లో వాళ్లకు ఈ బండి ఉన్నా లేనట్టే. 350 విషయంలోనూ న్యాయం చెప్పాలి. ఆ తర్వాత ఒక చిన్న బ్యాటరీ చార్జర్ కొన్నాను. పదిహేను రోజులకోసారి రాత్రంతా పెడుతున్నాను, ఇప్పటిదాకా మళ్లీ మొండికేయలేదు. మా సెల్లార్‌లో నా స్తంభం దగ్గరే ప్లగ్ పాయింట్ ఉంది కాబట్టి సరిపోయింది. అది లేని అపార్ట్‌మెంట్లో అయితే వారానికోసారి ఇరవై నిమిషాలైనా రోడ్డు మీద తిప్పాల్సిందే. నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేస్తే సెల్ఫ్ తిన్నది కూడా బ్యాటరీకి తిరిగి రాదు.

ఖర్చు కూడా చూశాను. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం పాతదానికి ఏడాదికి 714 రూపాయలు, కొత్తదానికి 1,366, పైన జీఎస్టీ. ఈ జూన్‌తో పాతదానికి పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్టీఏ ఆఫీసులో బండి చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి ఆర్సీని మరో అయిదేళ్లకు పొడిగించుకోవాలి. పార్కింగ్‌లో రెండు బండ్లకు చోటుంది, అద్దె ఇల్లు కాదు, పక్కవాళ్లతో గొడవ లేదు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే రెండూ ఉంచుతున్నాను. ఆఫీసుకు రోజూ బండి మీదే వెళ్లే వాళ్లయితే ఆ ఒక్క బండీ చాలు, బ్యాటరీకి ఆ తిరుగుడు సరిపోతుంది. నాకైనా మోకాలు నొప్పి మొదలైతే అప్పుడు మళ్లీ ఆలోచించాలి.

మొన్న పుత్లీబౌలి వెళ్లి కిక్ రాడ్‌కు కొత్త రబ్బరు, బండికి కొత్త బ్యాటరీ తెచ్చాను. హార్న్ మోగుతోంది.