పాత లారీలో ఖాళీ కప్లర్ల గుట్టు: వైర్ ట్రేసర్ కొనొచ్చా?

టెక్కలి గ్రానైటు, పలాస జీడిపప్పు, విజయనగరం వైపు గోనెసంచులు మోసే పాత లారీ ఏదైనా బానెట్టో క్యాబినో లేపి చూడండి. ఇంజిన్ పక్కన దేనికీ తగలని కప్లర్లు (వైర్ల కొసన ఉండే ప్లగ్గులు) రెండో మూడో వేలాడుతూ కనిపిస్తాయి. వాటిలో చాలావాటిని ఎవరూ ఊడదీయలేదు. కంపెనీ ఒకే వైరింగ్‌ని పలు మోడళ్లకు వాడుతుంది. ఏసీ, ఫాగ్ లైటు, పీటీవో (ఇంజిన్ శక్తితో పంపులాంటివి నడిపే అమరిక), డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు చూపే సెన్సారు లేని బండికి కూడా వాటి కప్లర్లు వచ్చేస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, నిజంగా ఊడిపోయిన ఎగ్జాస్ట్ బ్రేక్ కప్లరో రివర్స్ లైటు కప్లరో కూడా వాటి మధ్యే వేలాడుతుంటుంది.

ఏ కప్లర్ వైరు ఎటు పోతుందో వెతకడానికని దుకాణాల్లో అమ్ముతున్న వైర్ ట్రేసర్‌లో రెండు ముక్కలుంటాయి. ఒకటి సిగ్నల్ పంపే డబ్బా, రెండోది మెడ వంగే రిసీవర్. డబ్బా క్లిప్పుల్లో ఒకటి కప్లర్ పిన్నుకి, రెండోది ఛాసిస్‌కి తగిలిస్తే, ఆ వైరు వెళ్లే దారిలో రిసీవర్ కూతపెడుతుంది. కొనేటప్పుడు 42 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్న బళ్ల రకమే అడగండి. టెలిఫోన్, నెట్‌వర్క్ వైర్లకు వాడేది చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. దాన్ని 24 వోల్టుల లైనుకు తగిలిస్తే కాలిపోవచ్చు. ఏ రకమైనా సరే, బ్యాటరీ మైనస్ తీసేసి వాడడమే మంచి పద్ధతి. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ డబ్బా) ఉన్న బండైతే దాని కప్లర్ కూడా ఊడదీయాలి.

విడిగా పోయే వైరు మీద ఈ పరికరం చక్కగా పనిచేస్తుంది. టేపు చుట్టిన కట్టలోకి వైరు దూరాక తడబాటు మొదలవుతుంది. సిగ్నల్ పక్క వైర్లకు పాకి, కట్ట మొత్తం మోగుతుంది. అప్పుడు రిసీవర్ డయల్ బాగా తగ్గించి, ఎక్కడ కూత గట్టిగా ఉందో అక్కడే నమ్మాలి. ఇనప పైపులోంచి పోయే చోట కూత ఆగిపోతుంది. అది వైరు తెగిన చోటని పొరబడకండి. ఎర్త్ వైరు మీదైతే ఇది దాదాపు పనిచేయదు, రెండు క్లిప్పులూ ఛాసిస్‌కే తగిలినట్టవుతుంది కాబట్టి. వైరు ఎటు పోతుందో మాత్రమే ట్రేసర్ చెబుతుంది. కప్లర్ దేనిదో చెప్పదు. అందుకే మా లెక్కలో ఇది రెండో వరస పరికరం. ముందు కావలసినవి మల్టీమీటరు, 24 వోల్టుల 5 వాట్ల బల్బుతో చేసిన టెస్టింగ్ లైటు. టాటా 407 లాంటి 12 వోల్టుల బండికి బల్బు కూడా 12దే ఉండాలి.

పని కళ్లతోనే మొదలవ్వాలి. కప్లర్లను పొడిగుడ్డతో తుడిచి, ఫోటో తీసి, మాస్కింగ్ టేపు మీద నంబరు వేయండి. వైరింగ్ కట్టకే వెనక్కి మడిచి టేపు వేసి, లోపల పిన్నులు మెరుస్తూ ఉంటే అది చాలావరకు బండికి లేని పరికరానిదే. లాక్ అరిగి, పిన్ను మీద గీతలుంటే దాని జోడీ ఒకప్పుడు ఉండేది. వైరు పొడవు ఎంత దూరం అందుతుందో అంతలోనే వెతకండి. గేర్‌బాక్స్ మీద రివర్స్ స్విచ్, డీజిల్ ఫిల్టర్ అడుగు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఎగ్జాస్ట్ బ్రేక్ వాల్వు, రేడియేటర్ ట్యాంకు చూడాలి.

తరవాత మీటరు. ముందు బ్యాటరీ మైనస్ తీసి, ఆ కేబుల్ కొసకీ పిన్నుకీ మధ్య ఓమ్‌లు చూడండి. ఒక ఓమ్ లోపు వస్తే ఎర్త్. నాలుగైదు ఓమ్‌లు వస్తే తొందరపడొద్దు, పార్కింగ్ బల్బుల ఫిలమెంటు మీదుగా కూడా అలా చూపిస్తుంది. బ్యాటరీ మళ్లీ తగిలించి, కీ ఆఫ్‌లో, కీ ఆన్‌లో, పార్కింగ్ లైటు వేసి, ఇంజిన్ నడుస్తుండగా వోల్టులు రాసుకోండి. కీ తీసినా 24 ఉంటే అది బ్యాటరీ డైరెక్టు లైను. కీ వేస్తేనే వస్తే ఇగ్నిషన్ లైను. ఏదైనా పిన్ను మీద 5 వోల్టులు కనిపిస్తే అది ఈసీయూ నుంచి సెన్సారుకి వచ్చే లైను. దాని జోలికి బల్బు పోకూడదు, ఈసీయూ దెబ్బతింటుంది. మీటరు ముందు, బల్బు తరవాత అనేది ఇందుకే. 24 చూపిన పిన్నుకి మాత్రం బల్బు పెట్టి తీరాలి. వైరుకి బాగా చిలుము పట్టినా మీటరు 24 అనే చెబుతుంది. బల్బు మిణుకుమంటే అసలు సంగతి తెలుస్తుంది. రైసుమిల్లుల దగ్గర నిలిచే బళ్లలో ఎలుకలు కొరికి, చిలుము పట్టిన వైర్లు ఇలాగే దొరుకుతాయి.

రంగుల్ని నమ్ముకోవద్దు. జర్మన్ పద్ధతిలో గోధుమరంగు ఎర్త్, ఎరుపు బ్యాటరీ డైరెక్టు, నలుపు ఇగ్నిషన్. కొన్ని కంపెనీలకు నలుపే ఎర్త్. ఈ తేడా తెలియక నల్ల వైరును ఛాసిస్‌కి కలిపితే ఫ్యూజు పోతుంది. రిలే అడుగున, స్విచ్‌ల వెనక ఉండే 15, 30, 31 నంబర్లు చూడండి. 15 ఇగ్నిషన్, 30 బ్యాటరీ, 31 ఎర్త్. సరిగ్గా కూర్చుంది కదా అని ఏ కప్లర్‌నీ తగిలించొద్దు, ఒకే ఆకారం కప్లర్లు వేరువేరు లైన్లకు వస్తాయి. అదే మోడల్‌లో అన్నీ ఉన్న బండి లారీ స్టాండులో దొరికితే పక్కన పెట్టి పోల్చుకోవడం అన్నిటికంటే దగ్గరి దారి.

వైరు తొడుగుకి సూది గుచ్చి చూసే అలవాటు మన తీరంలో చాలా చేటు. భావనపాడు, కళింగపట్నం వైపు చేపల లోడ్లకు తిరిగే బండికి ఆ చిన్న కన్నంలోంచే ఉప్పునీరు దూరి, రాగి మీద పచ్చ చిలుము వైరు పొడుగునా పాకుతుంది. కప్లర్ వెనక, రబ్బరు సీలు పక్కనుంచి సన్నని ప్రోబు దూర్చండి. ఖాళీదని తేలిన కప్లర్‌ని కోయకండి. సరిపోయే డమ్మీ పెట్టండి, లేదంటే లోపల జిగురుండి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. మామూలు టేపు జిగురు ఇంజిన్ వేడికి కరిగిపోతుంది, నీళ్లు లోపలే నిలుస్తాయి. మూతి కిందికి ఉండేలా, సైలెన్సర్ పైపుకీ ఫ్యానుకీ దూరంగా కట్టండి.

ఒక్క లారీ ఉన్న యజమానికి ఈ ట్రేసర్ అక్కర్లేదు, మీటరు, బల్బు చాలు. రోజూ వైరింగ్ పని చేసే ఆటో ఎలక్ట్రీషియన్‌కి మాత్రం తెగిన చోటు వెతికే సమయం కలిసొస్తుంది, కొనొచ్చు. దుకాణంలోనే పది మీటర్ల వైరు నేలమీద పరిచి పరీక్షించండి. డయల్ తిప్పితే కూత మెల్లగా తగ్గాలి. ఒక్కసారిగా ఆగిపోయేది పక్కన పెట్టేయండి. క్లిప్పు స్ప్రింగు కూడా గట్టిగా ఉండాలి. వాడనప్పుడు రెండు ముక్కల్లోంచీ బ్యాటరీలు తీసి ఉంచండి.