మూడేళ్ళకి దగ్గరగా వాడాక క్లిక్కర్ గురించి, మా గ్యాస్ లైటర్ గురించి

విజయవాడ బందరు రోడ్డులో కుక్కల సామాన్లు అమ్మే చిన్న షాపులో 2023 జూన్‌లో కొన్నాను ఈ క్లిక్కర్. నొక్కితే 'టిక్' మనే చిన్న వస్తువు, కుక్కలకి నేర్పడానికి వాడతారు. వంద రూపాయల లోపే. రంగు, సైజు, పట్టీ గురించి చెప్పడానికేమీ లేదు, అన్నీ ఒకేలా ఉంటాయి. నేను చెప్పాల్సింది దాని చప్పుడు గురించి. ఆ 'టిక్' నన్ను ఎంత మురిపించిందో అంత ఏడిపించింది కూడా.

మా మిరియం కృష్ణలంకలో మా చెల్లెలి ఇంటి సందులో పుట్టిన నాటు కుక్క. నల్లగా, గుండ్రంగా ఉందని ఆ పేరు. రెండున్నర నెలలప్పుడు పటమటలో మా రెండో అంతస్తు ఫ్లాటుకి తెచ్చుకున్నాం. వారం తిరక్కుండానే మొదలుపెట్టింది. నడుస్తుంటే చీర కుచ్చిళ్ళు పట్టి లాగడం, చేతులు కొరకడం, బెల్లు మోగితే చాలు వచ్చినవాళ్ళ మీదకి ఎగరడం. ముక్కు మీద ఒక్కటివ్వండి, అదే బుద్ధొస్తుందని చాలామంది చెప్పారు. ఒకసారి ఇచ్చాను కూడా. అది ఆటనుకుని ఇంకాస్త గట్టిగా కొరికింది.

క్లిక్కర్‌తో నేర్పడం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కుక్క మనకి కావలసిన పని చేసిన క్షణంలోనే టిక్ మనిపించాలి, వెంటనే తినడానికేదైనా పెట్టాలి. కూర్చున్నందుకు మెచ్చుకుందామని మనం డబ్బా మూత తీసేసరికి అది లేచి తోక ఊపుతూ ఉంటుంది. తిండి లేచినందుకు వచ్చిందో కూర్చున్నందుకు వచ్చిందో దానికెలా తెలుస్తుంది? టిక్ ఆ అనుమానం తీరుస్తుంది. కెరెన్ ప్రయర్ అనే ఆవిడ 1960లలో హవాయిలో డాల్ఫిన్లకి ఈలతో ఇలాగే నేర్పింది. నీళ్ళలో ఈదే జంతువుకి గొలుసు కట్టి లాగలేం కదా. కుక్కల దగ్గరికి ఈ పద్ధతి బాగా వ్యాపించింది మాత్రం 1990లలో.

మొదటి రెండు రోజులూ ఏ పనీ అడగలేదు. టిక్, శనగగింజంత ఇడ్లీ ముక్క. టిక్, ఉడికించిన కోడి ముక్క. మూడో రోజుకి ఎక్కడున్నా చప్పుడు వినగానే ఠక్కున తల తిప్పింది. అప్పుడు మా ఆయన్ని బయటికి పంపి బెల్లు కొట్టించి, మిరియం నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్న క్షణం కోసం కాచుకుని టిక్ మనిపించేదాన్ని. రెండు వారాల్లో బెల్లు మోగితే తలుపు పక్కన కూర్చోవడం వచ్చేసింది. చెయ్యెత్తలేదు, అరవలేదు. ఆ ఊపులో తెలిసినవాళ్ళందరికీ కొనుక్కోమని చెప్పాను. ఇద్దరు కొన్నారు కూడా.

ఏడాది తిరిగేసరికి కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున్నే ఐదున్నరకి పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి మెట్లెక్కగానే రెండు సార్లు 'భౌ భౌ'. కాపలా బుద్ధి వచ్చిందని మా ఆయన తెగ మురిసిపోయారు. నేనూ కొంచెం మురిశాను, దాచడమెందుకు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చింది. మా వీధికి నీళ్ళు రాలేదు గానీ, అజిత్‌సింగ్ నగర్‌లో ఉండే మా వదిన వాళ్ళ ఇల్లు మునిగింది. ఐదుగురు తొమ్మిది రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. ఎవరికీ నిద్ర లేదు, ఇంటి దిగులు, ఎప్పుడూ ఎవరో ఒకరికి టీ కావాలి. మిరియం అరుపులూ అప్పుడే శ్రుతి మించాయి. పావుగంటకోసారి రెండు అరుపులు, కాసేపు ఆగి మళ్ళీ రెండు. వదిన అత్తగారు పెద్దావిడ, "దీనికి దిష్టి తగిలిందమ్మా" అని ఉప్పు తిప్పి పోశారు. కింది ఫ్లాటాయన పైకొచ్చి మర్యాదగానే అడిగారు, అదే ఎక్కువ బాధేసింది.

నాలుగో రోజు తెల్లవారుజామున నిద్ర పట్టక హాల్లో కుర్చీలో కూర్చున్నాను. పాల అబ్బాయి అడుగుల చప్పుడు వినపడింది. మిరియం లేచి రెండు సార్లు అరిచింది. కానీ తలుపు వైపు చూడలేదు! వంటింటి వైపు చూస్తోంది. లోపల మా అత్తయ్యగారు, అంటే మా ఆయన వాళ్ళమ్మగారు, కాఫీకి స్టవ్ వెలిగిస్తున్నారు. టిక్, టిక్, టిక్. మా లైటర్ ఏనాడూ ఒక్క నొక్కుకి వెలగలేదు. మిరియం పరుగున వెళ్ళి గడప దగ్గర నిలబడింది. అత్తయ్యగారు రాత్రి మిగిలిన ఇడ్లీలోంచి ఒక ముక్క తుంచి వేశారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అరిచిన క్షణంలో టిక్, వెంటనే తిండి. నేను పుస్తకం పెట్టుకుని నేర్పినా ఇంత శుద్ధంగా కుదిరేది కాదు.

"అత్తయ్యగారూ, ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నారు?" అన్నాను.

"ఎన్నాళ్ళేంటమ్మాయ్, ఎప్పుడూ పెడతాను. అది వచ్చి అడుగుతుంది, పాపం."

కుక్కకి 45 వేల హెర్ట్జ్ దాకా వినపడుతుందంటారు, మనకైతే 20 వేలే. అంత చెవి ఉన్నది లైటర్‌కీ క్లిక్కర్‌కీ తేడా కనిపెట్టలేదా అని మా ఆయన వాదన. కనిపెట్టే ఉంటుంది. రెండింటికీ ఇడ్లీ వస్తున్నప్పుడు ఆ తేడాతో దానికేం పని? పైగా లైటర్ టిక్ మన్న ప్రతిసారీ ముక్క రాదు, ఒకసారి వస్తే రెండు సార్లు ఉత్త చెయ్యి. అలా అప్పుడప్పుడూ దొరికేదాన్నే కుక్క అసలు వదలదు. అరిచి చూస్తూనే ఉంటుంది.

అగ్గిపెట్టె వాడమని అత్తయ్యగారిని బతిమాలాను. నాలుగు రోజులు వాడారు, వానలకి పుల్లలు మెత్తబడి మానేశారు. క్లిక్కర్‌కి గుడ్డ చుట్టి చప్పుడు తగ్గించాను, ఫలితం లేదు. చివరికి టిక్ బదులు ఒక మాట పెట్టుకుందామనుకున్నాం. ఇంట్లో ఎవరూ మామూలుగా అనని మాట కావాలి. 'సరే' రోజుకి వందసార్లు అంటాం. 'శభాష్' క్రికెట్ చూస్తూ మా ఆయన టీవీతో అంటారు. అందుకని 'భళా' ఖాయం చేశాం. మొదట్లో పౌరాణిక నాటకం వేస్తున్నట్టు సిగ్గేసేది.

లైటర్ సంగతి మాత్రం తిరగేశాం. టిక్ వినపడగానే నేను మిరియాన్ని గడప ఇవతల చిన్న చాప మీదకి తీసుకెళ్ళి, కూర్చుంటే 'భళా' అని ముక్క పెట్టేదాన్ని. అరిస్తే ఏమీ లేదు. తొలి వారం నరకం. అలవాటుగా దొరికేది దొరక్కపోతే ముందు ఇంకా గట్టిగా అడుగుతాయి, అప్పుడు లొంగిపోతే మొత్తం పోయినట్టే. కింది ఫ్లాటాయనకి ముందే చెప్పి పది రోజులు ఓర్చుకోమన్నాను. మూడు వారాలకి అత్తయ్యగారు స్టవ్ వెలిగించబోతే చాలు, మిరియం వెళ్ళి చాప మీద కూర్చునేది. అరుపుని తెచ్చిపెట్టిన లైటరే ఇప్పుడు 'చాప ఎక్కు' అనే మాటైంది. నేను అస్సలు ఊహించలేదు.

ఇడ్లీ ముక్క ఇప్పటికీ అత్తయ్యగారే పెడతారు, చాప మీదుంటేనే. ఉల్లిపాయ వేసిన అట్టు మాత్రం వద్దన్నాను, కుక్కలకి ఉల్లి విషం. అది మాత్రం వెంటనే విన్నారు.

ఇంతకు ముందు రెండు వారాల్లో వచ్చేసిందన్నాను కదా, అది మా ఇంటివాళ్ళు బెల్లు కొడితే. కొరియర్ వాళ్ళకీ చుట్టాలకీ నాలుగు నెలలు పట్టింది. పండక్కి ఇల్లు నిండితే ఇప్పటికీ ఒకరిద్దరి మీదకి ఎగురుతుంది. వీధిలో అది గొలుసు లాగడం మాన్పించడానికి క్లిక్కర్ నాకు పెద్దగా పనికిరాలేదు. ఒక చేతిలో గొలుసు, ఇంకో చేతిలో టార్చి, ఇక టిక్ ఏ చేత్తో? ఎండాకాలమైతే పొద్దున ఆరు లోపే తిప్పి తీసుకురావాలి, ఆ హడావిడిలో పాఠాలు సాగవు.

అయినా క్లిక్కర్ పారెయ్యలేదు. గోళ్ళు కత్తిరించేటప్పుడు బయటికి తీస్తాను, బెడ్రూం తలుపు వేసుకుని. అంత చిన్న కదలికని పట్టుకోవాలంటే 'భళా' కన్నా టిక్కే చురుకు. ఒంటరిగా ఉంటూ ఇండక్షన్ స్టవ్ మీద వండుకునేవాళ్ళకి ఇది నిజంగా మంచిదే కావచ్చు. ఆటో ఇగ్నిషన్ స్టవ్ అయితే నాకు అనుమానమే, అది ఇంకా టకటకమంటుంది. ఉమ్మడి కుటుంబమైతే, వంటింట్లో ప్రేమగా ముక్కలేసే పెద్దవాళ్ళుంటే, మాటతోనే మొదలుపెట్టమంటాను. కానీ మా ఇల్లే వేరు, మా లైటరే వేరు.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా తోడికోడలు పోయిన నెలలో ఒక కుక్కపిల్లని తెచ్చుకుంది. క్లిక్కర్ ఇవ్వమని ఫోన్ చేసింది. "మీ ఇంట్లో స్టవ్ దేంతో వెలిగిస్తారు?" అన్నాను. ఆ ప్రశ్న ఎందుకో చెప్పడానికి అరగంట పట్టింది.