గాబాపెంటిన్ 300: ఆరు నెలలు వాడాక

సర్పి పొక్కులు మానిపోయాక కూడా నా ఎడమ పక్కటెముకల మీద మంట పోలేదు. గుడ్డ తగిలితే చాలు, వాత పెట్టినట్టు ఉండేది. నేను బట్టలు కుడతాను. రోజంతా గుడ్డతోనే పని. డాక్టరుగారు నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ రాశారు. మందు పనిచేసిందా అంటే చేసింది. కానీ ఇక్కడ ఎక్కువగా చెప్పాలనుకుంటున్నది డోసు గురించి, ఎందుకంటే నేను పొరపాటు పడింది అక్కడే.

మొదటి రోజు రాత్రి ఒక 300 క్యాప్సూల్, రెండో రోజు రెండు, మూడో రోజు నుంచి మూడు పూటలా ఒక్కొక్కటి. అంటే రోజుకు 900 మిల్లీగ్రాములు. అదే పూర్తి డోసు అనుకుని, మర్నాటికల్లా నొప్పి పోతుందని ఎదురుచూశాను. పోలేదు. సర్పి తర్వాత మిగిలే నొప్పికి అవసరమైతే 1800 దాకా పెంచుతారనీ, 900 అంటే ఇంకా మొదలేననీ నాకప్పుడు తెలియదు. మొదటి వారమే ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

మధ్యాహ్నం క్యాప్సూల్ వేసుకుంటే మిషన్ ముందు నిద్ర ముంచుకొచ్చేది. దాంతో నా అంతట నేనే ఆ పూటది మానేసి, రాత్రి రెండు కలిపి వేసుకున్నాను. తెల్లారి మంచం దిగేసరికి గోడ తిరిగిపోయింది. తలుపు పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నానికి మంట కూడా తిరిగొచ్చింది.

డాక్టరుగారు కోప్పడలేదు, కూర్చోబెట్టి వివరించారు. ఈ మందు 5 నుంచి 7 గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. అందుకే మూడు పూటలు. రెండు డోసుల మధ్య 12 గంటలు దాటకూడదు. ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. పేగులు ఈ మందును ఒక హద్దు వరకే పీల్చుకుంటాయి. రోజుకు 900ని మూడు పూటలుగా వేసుకుంటే సుమారు 60 శాతం రక్తంలోకి చేరుతుంది. అదే 2400 అయితే 34 శాతమే. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను: మొదటిదానిలో ఒంటికి అందేది 540, రెండోదానిలో 816. మింగేది రెండున్నర రెట్లు దాటినా, అందేది ఒకటిన్నర రెట్లే. ఇది తెలిశాక నొప్పి ఎక్కువైన రోజు ఇంకోటి వేసుకుందామన్న ఆలోచనే నాకు రాలేదు.

డోసు పెంచే ముందు క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష, చేయించారు. ఈ మందును కాలేయం విరగ్గొట్టదు, ఉన్నది ఉన్నట్టుగా కిడ్నీలే బయటికి పంపాలి. కిడ్నీలు నెమ్మదించినవాళ్లకు తక్కువ డోసే ఇస్తారు. అందుకే నా చీటీ చూసి ఇంకెవరూ వాడొద్దు.

మా చెల్లికి షుగర్ వల్ల అరికాళ్ల మంటలు. తను వాడేది ప్రీగాబాలిన్. ఒకరోజు నా స్ట్రిప్ చూసి, "అక్కా, నాది 75, నీది 300. నీకంత పెద్ద డోసు ఎందుకు రాశారు?" అని కంగారు పడింది. రెండూ ఒకే కుటుంబం మందులే అయినా అంకెలు పోల్చకూడదు. ప్రీగాబాలిన్ చాలా తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది, రోజుకు 150 నుంచి 600 మిల్లీగ్రాముల వరకు దాని లెక్క వేరే.

నన్ను 1800 దాకా తీసుకెళ్లారు. అక్కడ చీలమండలు వాచాయి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా ధ్యాస నిలవలేదు. మళ్లీ దింపి 1200 దగ్గర ఆపారు: పొద్దున 300, మధ్యాహ్నం 300, రాత్రి 600. మంట పూర్తిగా పోలేదు గానీ సగం పైగా తగ్గింది, రాత్రిళ్లు నిద్ర పట్టింది. నాకు సరిపోయిన డోసు అదే.

స్ట్రిప్ మీద అంకె చదవకుండా జేబులో వేసుకోకండి. ఒకసారి మందుల షాపులో నాకు 300 బదులు 100 ఇచ్చారు. పేరు అదే, అట్ట అదే. రెండు రోజులు మంట పెరిగాక గానీ చూసుకోలేదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందు తాగితే రెండు గంటలు ఆగి వేసుకోవాలి, లేకపోతే మందు తక్కువగా అందుతుంది. నిద్రమాత్రలు, మార్ఫిన్ జాతి నొప్పి మందులు, మద్యం, వీటితో గాబాపెంటిన్ కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. అవి వాడేవాళ్లు డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఇప్పుడు డాక్టరుగారు చెప్పిన ప్రకారం వారానికి 300 చొప్పున తగ్గిస్తున్నాను, ఒక్కసారిగా ఆపకూడదన్నారు. ఈ వారం 600 మీద ఉన్నాను. నిన్న మిషన్ మీద నాలుగు గంటలు కూర్చున్నాను, ఎడమ పక్కన దూది పెట్టుకోకుండానే.