ఐపమ్స్ యూఎస్ఏ రివ్యూ: అమెరికాలో ఎవరు ఎంతమంది అన్నది 1850 నుంచి మనమే లెక్కేసుకోవాలంటే

అమెరికాలో తెల్లవాళ్లు తగ్గిపోతున్నారు, ఆసియన్లు పెరిగిపోతున్నారు, ఇండియన్లు చైనీయుల్ని దాటేశారు అని గ్రూపుల్లో గ్రాఫులు తెగ తిరుగుతుంటాయి కదా. అందులో అబద్ధం ఉందనను, 2020 సెన్సస్‌లో ఒక్క ఆసియన్ గ్రూపే రాసుకున్నవాళ్లని చూస్తే ఇండియన్లే ఫస్ట్, దాదాపు 44 లక్షల మంది. నా బాధ ఏంటంటే ఆ గీత ఎక్కడెక్కడ పైకి లేచిందో అక్కడ జనం పెరిగారా, లేక ప్రశ్న మారిందా అన్నది గ్రాఫ్ పెట్టినవాళ్లు ఎవ్వరూ చెప్పరు. అది తెలుసుకోవాలంటే పాత లెక్కల్ని మనుషుల వారీగా తిరగేయాలి, ఆ పనికి నాకు తెలిసినంతలో బెస్ట్ సర్వీస్ ఐపమ్స్ యూఎస్ఏ. అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు కోశానో కింద చెప్తా.

ముందు ఇదేంటో. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లది, స్టీవెన్ రగల్స్ అనే హిస్టారియన్ మొదలుపెట్టారు, 2022లో ఆయనకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. 1850 నుంచి సెన్సస్ రికార్డులు, 2000 తర్వాత ఏటా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వే రికార్డులు, అన్నీ ఒకే కోడ్ పద్ధతిలోకి తెచ్చి పెట్టారు. రిజిస్టర్ అయితే చాలు, పైసా కట్టక్కర్లేదు. మామూలు టేబుల్స్ ఇచ్చే సైట్లు వేరే ఉన్నాయి, వాటిలో ఎవరో ముందే కూడి పెట్టిన మొత్తాలు చూస్తాం, ఇందులో ఒక్కో మనిషికి ఒక్కో లైన్ ఉంటుంది, వయసు, పుట్టిన చోటు, రేస్, భాష, ఇంట్లో ఇంకెవరున్నారు అన్నీ, మనక్కావాల్సినట్టు మనమే కూడుకోవచ్చు. ఇంట్లో మాట్లాడే భాష డీటెయిల్డ్ కోడ్‌లో తెలుగుకి విడిగా నంబర్ ఉంది, అది చూస్తే ఎవరికైనా సంతోషం వేస్తుంది.

ఇక అసలు విషయం. దీంట్లో నాకు అన్నిటికంటే విలువైనది డేటా కాదు, ప్రతి వేరియబుల్ (అంటే వయసు, రేస్ లాంటి ఒక్కో అంశం) పక్కన ఉండే కంపేరబిలిటీ ట్యాబ్. రేస్ వేరియబుల్ తెరిచి ఆ ట్యాబ్ నొక్కితే ఏ సంవత్సరం ఏ మాట వాడారు, ఏది ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, రెండు సంవత్సరాల్ని పోల్చేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలి అని వివరంగా రాసుంటుంది. పక్క ట్యాబ్‌లో ఆ ఏడాది ఫారంలో ప్రశ్న ఎలా అడిగారో, ఇంటింటికీ తిరిగిన ఎన్యూమరేటర్లకి ఏం చెప్పి పంపారో కూడా పెట్టారు. చాలామంది దీన్ని దాటేసి నేరుగా డౌన్‌లోడ్‌కి పోతారు, దయచేసి అలా పోకండి.

ఎందుకంటున్నానో మనవాళ్ల లెక్కతోనే చూడండి. 1920, 1930, 1940 సెన్సస్‌లలో ఇండియా నుంచి వచ్చినవాళ్లని రేస్ కింద 'హిందూ' అని రాశారు, సిక్కు అయినా ముస్లిం అయినా అదే. 1923లో పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు కేసులో సుప్రీంకోర్టు ఈయన తెల్లవాడి కింద రాడు, కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడు అంది, సరిగ్గా ఆ కాలం అది. తర్వాత ఆ హిందూ కేటగిరీ ఎత్తేశారు. 1970కి వచ్చేసరికి తమాషాగా ఇండియా మూలాలున్నవాళ్లని వైట్‌లో కలిపేశారు. 1980లో ఏషియన్ ఇండియన్ అని సొంత గడి వచ్చింది. ఇప్పుడు ఒకే కుటుంబాన్ని ఊహించుకోండి, తాత 1930లో హిందూ, కొడుకు 1970లో తెల్లవాడు, మనవడు 1980లో ఏషియన్ ఇండియన్. ఇంట్లో ఏమీ మారలేదు, మారిందల్లా ఫారం. రేస్ కోడ్ ఒక్కటే పట్టుకుని 1970 నుంచి 1980కి గీత గీస్తే ఇండియన్లు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు కనిపిస్తారు, 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం వల్ల నిజంగానే పెరిగినవాళ్లెంత, గడి మారడం వల్ల కనిపించినవాళ్లెంత అన్నది విడదీయలేం.

ఐపమ్స్ ఇక్కడ పనికొస్తుంది. డీటెయిల్డ్ రేస్ కోడ్‌లో పాత హిందూని, కొత్త ఏషియన్ ఇండియన్‌ని ఒకే నంబర్ కింద పెట్టి లేబుల్‌లోనే 1920 నుంచి 1940 దాకా హిందూ అని రాసేశారు, అంటే కలిపాం అని దాచకుండా చెప్పారు. 1970 ఖాళీకి పుట్టిన దేశం అనే వేరియబుల్ వాడి ఇండియాలో పుట్టినవాళ్లని తీసుకోవచ్చు. అమెరికాలో పుట్టిన పిల్లలు అలా దొరకరు కదా అంటారా, దానికీ దారి ఉంది, 'అటాచ్ క్యారెక్టరిస్టిక్స్' అని ఒక ఆప్షన్ పెట్టారు, దాంతో ఒకే ఇంట్లో ఉంటున్న అమ్మానాన్నల వివరాల్ని పిల్లల లైన్‌లోకి తెచ్చుకోవచ్చు. అమ్మ ఎక్కడ పుట్టింది, నాన్న రేస్ ఏం రాశాడు అన్నీ వస్తాయి. ఈ ఒక్క ఆప్షన్ కోసమైనా ఈ సర్వీస్ వాడాలంటాను. అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారన్న ప్రశ్న 1970 దాకా సెన్సస్‌లోనే ఉండేది, 1980లో తీసేసి దాని బదులు పూర్వీకుల ప్రశ్న పెట్టారు, ఇల్లు వదిలి వెళ్లిన పెద్దపిల్లల సంగతి ఆ తర్వాత తెలుసుకోవడం కష్టమైపోయింది. అది సెన్సస్ వాళ్ల నిర్ణయం, ఐపమ్స్ ఏం చేయగలదు.

మెచ్చుకోవాల్సిన ఇంకో పని హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ల) లెక్క. హిస్పానిక్ మూలమా కాదా అన్న ప్రశ్న 1970లో శాంపిల్‌కి మాత్రమే అడిగారు, 1980 నుంచే అందరికీ. మరి అంతకు ముందు? పుట్టిన చోటు, తల్లిదండ్రులు పుట్టిన చోటు, ఇంటిపేరు లాంటివి చూసి వీళ్లే ఒక అంచనా వేసి పాత సంవత్సరాలకీ వేరియబుల్ తయారుచేశారు. అంచనా వేయడం ఎవరైనా వేస్తారు, వీళ్లు మాత్రం ఒక్కో మనిషిని ఏ రూల్ ప్రకారం అందులో వేశారో చెప్పే ఇంకో వేరియబుల్ కూడా పక్కనే ఇచ్చారు. నచ్చకపోతే ఆ రూల్ కింద వచ్చినవాళ్లని తీసేసి మళ్లీ లెక్కేసుకోండి అని మనకే వదిలేశారు. జనాభా లెక్కల్లో ఇంత నిజాయితీ చూడటం నాకు చాలా తృప్తిగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ అర మార్కు. జనరల్ కోడ్ (కొన్ని పెద్ద గుంపులుగా), డీటెయిల్డ్ కోడ్ (చిన్న చిన్న గుంపులుగా) అని రెండు ఇస్తారు, కొత్తగా వచ్చినవాళ్లు సహజంగా జనరల్‌తో మొదలుపెడతారు, సింపుల్‌గా ఉంటుంది కాబట్టి. ప్రమాదం అక్కడే. 1930 సెన్సస్‌లో ఒకే ఒక్కసారి మెక్సికన్‌ని విడి రేస్‌గా లెక్కపెట్టారు, 14 లక్షల పైచిలుకు మంది వచ్చారు, మెక్సికో ప్రభుత్వం, అమెరికాలోని మెక్సికన్ అమెరికన్లు గట్టిగా అభ్యంతరం చెప్తే 1940కి తీసేసి మళ్లీ వైట్ అన్నారు. ఐపమ్స్ జనరల్ కోడ్‌లో ఆ 1930 మెక్సికన్లు వైట్‌లోనే ఉంటారు, డీటెయిల్డ్ చూస్తేనే విడిగా దొరుకుతారు. ముందూ వెనకా సంవత్సరాలతో కలవాలంటే అలా పెట్టడంలో లాజిక్ ఉంది, కాదనను, కానీ ఆ మనుషుల్ని ప్రభుత్వం ఆ ఏడాది వేరే రేస్‌గా రాసుకుందన్న చరిత్ర జనరల్ కోడ్‌లో మాయమైపోతుంది. ములాటో (నల్ల, తెల్ల మిశ్రమ సంతతి) అని పాత సెన్సస్‌లలో రాసినవాళ్లూ అంతే, జనరల్‌లో బ్లాక్‌లో కలిసిపోతారు. కాబట్టి కాలం మీద మార్పు చూసే పని అయితే డీటెయిల్డ్‌తోనే మొదలుపెట్టి మనకి కావాల్సినట్టు మనమే కలుపుకోవడం మేలు.

పాత సంవత్సరాల్లో ఇంకా పెద్ద గొయ్యి ఉంది. 1850, 1860 మెయిన్ ఫైళ్లలో ఉండేది స్వేచ్ఛగా ఉన్న జనాభా మాత్రమే. బానిసల్ని పేర్లు లేకుండా యజమాని పేరు కింద వేరే షెడ్యూల్‌లో రాశారు. 1860లో వాళ్లు దాదాపు 40 లక్షల మంది, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లు 5 లక్షల లోపే. ఇది పట్టించుకోకుండా 1860 నుంచి 1870కి గ్రాఫ్ గీస్తే నల్లవాళ్ల వాటా ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగినట్టు వస్తుంది, అది పెరుగుదల కాదు, అంతవరకు మనుషులుగా పేరు కూడా రాయనివాళ్లని అప్పుడు రాశారు, అంతే. డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి ఉంది, నా కోరికల్లా ఆ రెండు సంవత్సరాలు కార్ట్‌లో వేసుకునేటప్పుడే ఎర్ర అక్షరాల్లో కనిపించాలని. ఇక 1890 అసలు లేదు, ఆ కాగితాల్లో ఎక్కువ భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పోయాయి.

1960కి ముందు, తర్వాత అని ఒక గీత మనసులో పెట్టుకోండి. 1950 దాకా ఎన్యూమరేటర్ గుమ్మం దగ్గర నిలబడి చూసి రేస్ రాసుకునేవాడు, 1960 నుంచి ఫారాలు పోస్టులో రావడం, జనం తమ గురించి తామే రాసుకోవడం మొదలైంది. దీని దెబ్బ అమెరికన్ ఇండియన్ల (మనవాళ్లు కాదు, అక్కడి ఆదివాసులు) లెక్కలో బాగా కనిపిస్తుంది, 1960లో 5 లక్షల పైన, 1970లో 8 లక్షల దగ్గర, 1980లో 13 లక్షలు దాటి, 1990లో 18 లక్షలు దాటి. పుట్టుకలు, చావులు లెక్కేస్తే ఇంత పెరుగుదల రావడం కుదరదు, వలసా కాదు, అంతకు ముందు వేరేగా చెప్పుకున్నవాళ్లు ఈసారి ఇలా చెప్పుకున్నారు. తప్పు రాశారని కాదు, అంతకు ముందు చెప్పుకునే వీలు లేకపోయి ఉండొచ్చు, ధైర్యం లేకపోయి ఉండొచ్చు. ఎత్నిసిటీ లెక్క అంటే తలల లెక్క ఒక్కటే కాదు, ఆ తలలు ఆ రోజు తమని తాము ఏమనుకున్నాయో కూడా అందులో ఉంటుంది, అందుకే ఈ సబ్జెక్ట్ అంటే నాకింత ఇష్టం.

దగ్గరి సంవత్సరాలు సేఫ్ అనుకోవద్దు. 2000లో ఒకటి కంటే ఎక్కువ రేస్‌లు టిక్ పెట్టనిచ్చారు. 2010, 2020 సెన్సస్‌ల మధ్య రెండు లేక ఎక్కువ రేస్‌ల వాళ్లు 90 లక్షల నుంచి 3 కోట్ల 38 లక్షలయ్యారు, వైట్ మాత్రమే అన్నవాళ్లు 22 కోట్ల 36 లక్షల నుంచి 20 కోట్ల 43 లక్షలకి తగ్గారు, ఇది చూసి పేపర్లలో ఎన్ని హెడ్డింగులో. కానీ 2020లో వైట్, బ్లాక్ గడుల కింద మీ మూలాలు రాయండి అని కొత్తగా లైన్ పెట్టారు, రాసిన దాంట్లో 30 అక్షరాల బదులు 200 అక్షరాల దాకా చదివారు, రెండు కోడ్‌ల బదులు ఆరు దాకా ఇచ్చారు. వైట్ అని టిక్ పెట్టి కింద ఏదో లాటిన్ అమెరికా దేశం పేరు రాసినవాళ్లు రెండు రేస్‌ల వాళ్లైపోయారు. పదేళ్లలో అన్ని పెళ్లిళ్లు జరగలేదు కదా! ఏటా జరిగే సర్వే కూడా 2020 నుంచి ఇదే పద్ధతికి మారింది, అందువల్ల ఐపమ్స్‌లో 2019కి, ఆ తర్వాతి సంవత్సరాలకి మధ్య గీత తెగిందనే అనుకోవాలి. పైగా 2020 సర్వే కోవిడ్ వల్ల సరిగ్గా సాగక సెన్సస్ బ్యూరో దాన్ని ఎక్స్‌పెరిమెంటల్ వెయిట్స్‌తో (వెయిట్ అంటే శాంపిల్‌లోని ఒక్కో మనిషి ఎంతమందికి లెక్కో చెప్పే నంబర్) ఇచ్చింది, నేనైతే ఆ ఒక్క ఏడాదిని ట్రెండ్‌లోంచి పక్కన పెట్టేస్తాను. ఒక్కో రేస్‌కి అవును, కాదు అని విడి వేరియబుల్స్ 2000 నుంచి ఉన్నాయి, వైట్ టిక్ ఉందా, ఏషియన్ టిక్ ఉందా అని. 'మాత్రమే' లెక్క ఒకటి, 'ఇంకోదాంతో కలిపైనా సరే' లెక్క ఒకటి, రెండూ వేసి పక్కపక్కన పెడితే ప్రశ్న వల్ల వచ్చిన తేడా ఎంతో కొంత బయటపడుతుంది.

వాడకం సంగతి త్వరగా చెప్పేస్తా. సంవత్సరాలు ఎంచుకుని, వేరియబుల్స్ కార్ట్‌లో వేసి సబ్మిట్ కొడితే ఫైల్ తయారయ్యాక మెయిల్ వస్తుంది. ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు వాడేవాళ్లకి విడివిడిగా ప్యాకేజీలు ఉన్నాయి, లేబుల్స్‌తో సహా చక్కగా తెరుచుకుంటుంది. కోడింగ్ రాకపోతే సైట్‌లోనే టేబుల్ వేసే ఆన్‌లైన్ టూల్ ఉంది, చూడ్డానికి పాతకాలంగా ఉన్నా పని జరుగుతుంది. పర్సన్ వెయిట్ పెట్టడం మాత్రం మర్చిపోకూడదు, ఇది శాంపిల్, ఒక్కో లైన్ ఎంతోమందికి లెక్క. 1940 లాంటి ఫుల్ కౌంట్ (శాంపిల్ కాకుండా జనం మొత్తం ఉండే) ఫైళ్లు 13 కోట్ల లైన్లు, మామూలు లాప్‌టాప్ వాళ్లు 'సెలెక్ట్ కేసెస్'తో కావాల్సినవాళ్లని మాత్రమే దించుకోండి. ఇప్పటి సంవత్సరాల్లో లక్ష మందికి తక్కువ ఉన్న ప్రాంతాన్ని చూపించరు, మనుషుల్ని గుర్తుపట్టకుండా ఆ జాగ్రత్త, కాబట్టి చిన్న టౌన్ లెక్క కావాలనుకుంటే ఇది మీకు కాదు. ఎవరినైనా వెతికి పట్టుకోవడానికి ప్రయత్నించబోమని ఒప్పుకుంటేనే డేటా ఇస్తారు, అది న్యాయమే. పేపర్‌లో వాడితే వాళ్లు చెప్పినట్టు సైటేషన్ ఇవ్వాలి.

వేరే దేశాలు కావాలంటే ఐపమ్స్ ఇంటర్నేషనల్ అని ఇంకోటి ఉంది, వంద పైన దేశాలు, దానికి ఏం పని చేస్తున్నామో రాసి పంపి పర్మిషన్ తెచ్చుకోవాలి. అక్కడ ఎత్నిసిటీ పోలిక ఇంకా కష్టం, ఫ్రాన్స్ లాంటి దేశం సెన్సస్‌లో ఆ ప్రశ్నే అడగదు, లేని ప్రశ్నకి ఎంత మంచి సర్వీస్ అయినా జవాబు తేలేదు.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకి ఒక సలహా. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం రేస్, హిస్పానిక్ ప్రశ్నలు రెండూ కలిపి ఒక్కటి చేయాలని, మిడిల్ ఈస్టర్న్ లేక నార్త్ ఆఫ్రికన్ అనే గడి కొత్తగా పెట్టాలని నిర్ణయం ప్రకటించింది. ఇప్పటిదాకా వాళ్లు వైట్‌లో ఉన్నారు. అది ఫారాల్లోకి వచ్చాక తెల్లవాళ్లు మళ్లీ తగ్గారని హెడ్డింగులు ఖాయం. ఈలోపే పుట్టిన దేశం, పూర్వీకుల వేరియబుల్స్‌తో లెబనాన్, ఈజిప్ట్, ఇరాన్ మూలాలవాళ్లు ఇప్పుడు వైట్‌లో ఎంతమంది ఉన్నారో 2000 నుంచి ఏటా తీసి ఒక టేబుల్ చేసి పెట్టుకోండి, వేరియబుల్స్ అన్నీ ఇందులోనే ఉన్నాయి, ఒక సాయంత్రం పని.